ఫీడర్ చివరి ఇల్లు: ఒక స్కాలర్‌షిప్ కేస్ స్టడీ

2023 సెప్టెంబర్‌లో ఒక శనివారం సాయంత్రం విద్యానగర్‌లోని మా ఇంటికి ఒక తండ్రి, కూతురు వచ్చారు. ఆయన గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీసే కాంట్రాక్టు పని చేస్తారు. ఆమె 2021లో కరీంనగర్ వైపు కాలేజీలో బీటెక్ ట్రిపుల్ ఈ పూర్తి చేసింది. అప్పటి నుంచి హైదరాబాద్‌లో ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టే ఒక చిన్న కంపెనీలో సైట్ ఇంజినీర్. తండ్రి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో బ్రిటన్ యూనివర్సిటీ ఒకటి ఇచ్చిన ఆఫర్ లెటర్, కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిన ఖర్చుల చిట్టా, ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ లోన్ ఫారం. ఇక సంతకం పెట్టడమే మిగిలింది.

"సంతకం పెట్టే ముందు ఒక్కసారి మీకు చూపెడదామని అచ్చినం మేడం," అన్నారాయన.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. పన్నెండేళ్లుగా శనివారం సాయంత్రాలు ఇంధనం, వాతావరణం రంగాల్లో పీజీ చేయాలనుకునే పిల్లలతో కూర్చుని, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కలిసి వెతుకుతుంటాను. ఫీజు తీసుకోను. ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. పేరు, ఆమెను గుర్తుపట్టించే కొన్ని వివరాలు వదిలేశాను. మొదటి ఏడాది మేమిద్దరం చేసిన తప్పులే నా దగ్గరికి వచ్చే చాలామంది పిల్లల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లోన్ ఫారం వెనకున్న లెక్క

చిట్టాలో ఫీజు, ఏడాది ఖర్చులు, వీసా, టికెట్ అన్నీ కలిపి 32 లక్షలు. ప్రభుత్వ బ్యాంకుకు వెళ్తే హామీ అడిగారు. వీళ్లకున్నది పెద్దపల్లి దగ్గర అర ఎకరం పొలం. సాగు భూమిని తనఖాగా తీసుకోలేమని బ్యాంకు చెప్పేసింది. అప్పుడు కన్సల్టెన్సీ వాళ్లే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థను చూపించారు. తనఖా అక్కర్లేదు, వడ్డీ 13 శాతం.

నేను ఒక కాగితం తీసుకుని ఆయన ముందే లెక్క వేశాను. 32 లక్షలకు 13 శాతం అంటే ఏడాదికి 4 లక్షల 16 వేలు. నెలకు దాదాపు 35 వేలు వడ్డీయే. ఆయన నెల జీతం 22 వేలు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. తండ్రి మాత్రం కాగితాన్ని తనవైపు తిప్పుకుని చాలాసేపు చూశారు.

చదువుకు అప్పు తప్పని నేననను. అవసరమైతే లోన్ తీసుకోమని చాలామందికి నేనే చెప్పాను. కానీ ఇంధన, వాతావరణ పరిశోధన విషయంలో లోన్ చివర్లో చూడాల్సిన దారి. ఈ రంగంలో చదువుకునేవాళ్లకు డబ్బిచ్చే చేతులు చాలానే ఉన్నాయి. ఆ కన్సల్టెన్సీ చిట్టాలో వాటి ప్రస్తావన ఒక్కటీ లేదు. స్కాలర్‌షిప్ మీద వెళ్లే విద్యార్థి వల్ల వాళ్లకు సాధారణంగా కమీషన్ రాదు మరి.

డిపాజిట్ కట్టడానికి పది రోజులు గడువుంది. కట్టొద్దన్నాను. ఆ మాట అనడం నాకు తేలిక కాదు, ఎందుకంటే దాని బదులు నేను చేతిలో పెట్టగలిగింది ఆ రోజుకు ఏమీ లేదు.

ఎవరు, ఎందుకు ఇస్తారు

పిల్లలు "స్కాలర్‌షిప్" అనే ఒక్క మాటతో వస్తారు. నేను ముందు ఆ మాటను విడదీస్తాను, ఎందుకంటే ఇచ్చేవాళ్ల ఉద్దేశాన్ని బట్టి మన దరఖాస్తు మారాలి.

ఒకటి, మన కుటుంబ పరిస్థితి చూసి ప్రభుత్వం ఇచ్చేది. ఈమె బీసీ కాబట్టి తెలంగాణలో మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు వేరే పథకం ఉన్నాయి. వీటిలో 20 లక్షల దాకా సాయం వస్తుంది. ఎంపికలో డిగ్రీ మార్కులతో పాటు జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ లాంటి స్కోర్లకూ వెయిటేజీ ఉంటుంది. ఈమె జీఆర్‌ఈ రాయలేదు. ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ డబ్బు విడతలుగా వస్తుంది, అది కూడా అక్కడికి చేరి కాగితాలు చూపించాక. అంటే వీసా కోసం చూపించే డబ్బు, మొదటి ఫీజు, టికెట్, మొదటి నెలల అద్దె మనమే సర్దుకోవాలి. పథకం మంజూరైందని సంబరపడి, ఆ మొదటి మూడు నెలల డబ్బు కోసం ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబాలను చూశాను.

రెండోది, పోటీలో గెలుచుకునేది. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ కోర్సులు యూరప్‌లో ఉన్నాయి. రెండు మూడు దేశాల్లో చదివిస్తారు. ఎంపికైతే ట్యూషన్ ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. వికేంద్రీకృత స్మార్ట్ ఎనర్జీ మీద డెన్సిస్, రవాణా, విద్యుత్ వ్యవస్థల మీద స్టెప్స్ లాంటి కోర్సులు ఈ కోవలోవే. జర్మనీలో విదేశీ విద్యార్థులకు సాయం చేసే డాడ్ (DAAD) సంస్థ ఇచ్చే ఈపాస్ (EPOS) స్కాలర్‌షిప్ ఉంది. మన రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల ఈపాస్ పోర్టల్ పేరు కూడా అలాగే వినిపిస్తుంది, రెండిటికీ సంబంధం లేదు. ఈ జర్మనీ ఈపాస్ అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పని చేస్తున్నవాళ్ల కోసం పెట్టింది. చివరి డిగ్రీ అయి ఆరేళ్లు దాటకూడదు, రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి. మార్కులు బాగా ఉన్న ఫ్రెషర్లకు పనికిరాదు. 7.4 సీజీపీఏతో రెండేళ్లు డాబాలెక్కి పనిచేసిన మనిషికి పనికొస్తుంది. ఒల్డెన్‌బర్గ్, ఫ్లెన్స్‌బర్గ్ లాంటి చోట్ల పునరుత్పాదక ఇంధనం మీద ఈపాస్ జాబితాలో కోర్సులున్నాయి. ఒల్డెన్‌బర్గ్‌లోనైతే ఆ కోర్సు 1987 నుంచీ నడుస్తోంది.

మూడోది స్కాలర్‌షిప్ కాదు, జీతం. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు. నెట్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఆపైన ఇంటి అద్దె. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ అయితే మొదటి రెండేళ్లు నెలకు 70,000. ఇవన్నీ మన దగ్గరే.

హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్‌లో దిగితే భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ, తార్నాకలో రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్, బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన చేసే క్రీడా, పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో వాతావరణ మార్పు పేరుతోనే ఒక డిపార్ట్‌మెంట్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్రం, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. వాతావరణానికి సంబంధించిన ఇన్ని సంస్థలు ఒకే ఊళ్లో ఉండటం మామూలు విషయం కాదు. అయినా మన పిల్లలు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు తిరిగినంతగా వీటి గేట్ల దాకా వెళ్లరు. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తూ ఫుల్‌బ్రైట్-కలాం క్లైమేట్ ఫెలోషిప్ మీద కొన్ని నెలలు అమెరికాలో పనిచేసి రావచ్చని చెబితే నమ్మరు కూడా.

మొదటి ఏడాది: నా తొందర

ఆ శరత్కాలంలో నేను చేసిన తప్పు ఒప్పుకోవాలి. ఆమెకు రెండేళ్ల అనుభవం అప్పుడప్పుడే పూర్తయింది. ఈపాస్ కోర్సుల గడువులు దగ్గర పడుతున్నాయి. బ్రిటన్ సీటు వదిలించాననే భారం నా మీద ఉంది. అందుకని తొందర పెట్టాను. రెండు వారాల్లో ఐఈఎల్‌టీఎస్, వారంలో మోటివేషన్ లెటర్ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే ఉత్తరం). అక్టోబర్‌లో ఒక ఈపాస్ కోర్సుకు, జనవరిలో రెండు ఎరాస్మస్ కోర్సులకు పంపాం. ఫిబ్రవరిలో గేట్ కూడా రాయించాను.

ఆ మొదటి లెటర్ నా దగ్గర ఇంకా ఉంది. "వాతావరణ మార్పు నేడు ప్రపంచం ఎదుర్కొంటున్న అతి పెద్ద సవాలు" అని మొదలవుతుంది. రెండు పేజీల్లో ఆమె ఎక్కడా లేదు. చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టమని, జర్మనీ ఇంధన రంగంలో ముందుందని ఉంది. సిఫారసు లేఖల్లో ఒకటి కాలేజీ ఆఫీసులో ముందే టైపు చేసి పెట్టుకున్నది. పేరు దగ్గర మాత్రమే ఖాళీ. క్రమశిక్షణ గల విద్యార్థిని అని రాసి ప్రిన్సిపల్ సంతకం చేశారు.

2024 వసంతంలో ఈపాస్ తిరస్కరించింది. ఒక ఎరాస్మస్ కోర్సు కాదంది. రెండోది సీటు ఇచ్చింది, స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. సొంత ఖర్చుతో రావచ్చని మెయిల్.

ఆ మెయిల్ వచ్చిన రోజు రాత్రి పది గంటలకు ఫోన్ చేసింది. "మేడం, సీటైతే వచ్చింది కదా, ఈ ఒక్కసారి లోన్ తీసుకుంటా" అంది. ఏడుస్తోంది. చాలామంది ఇక్కడే జారిపోతారు. స్కాలర్‌షిప్ కోసం మొదలుపెట్టిన ప్రయాణం చివరికి అదే పాత లోన్ ఫారం దగ్గర ఆగుతుంది. నిజానికి సొంత ఖర్చు సీటు అంటే ఆ దరఖాస్తుకు డబ్బు పెట్టడానికి వాళ్లు సిద్ధంగా లేరనే అర్థం. సీటొచ్చిన సంతోషంలో ఆ సంగతి కనిపించదు. గేట్‌లో అర్హత వచ్చింది, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎంటెక్ దారి మూసుకుపోలేదని గుర్తు చేశాను. ఏమీ తేల్చుకోకుండా శనివారం రమ్మన్నాను.

నోట్‌బుక్

ఆ శనివారం ఆమెను దరఖాస్తుల గురించి అడగలేదు. రెండున్నరేళ్లలో పనిలో నిన్ను బాగా విసిగించిన విషయం ఏమిటమ్మా అని అడిగాను.

వెంటనే చెప్పింది. "మధ్యాహ్నం ఫిర్యాదులు మేడం." నిజాంపేట, కొంపల్లి వైపు ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాక కొందరు ఫోన్ చేస్తారట. ఎండ మండిపోతుంటే, సరిగ్గా పన్నెండు ఒంటి గంటకు ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఆగిపోతోందని. వెళ్లి చూస్తే ఇన్వర్టర్ బాగానే ఉంటుంది. సాయంత్రానికి దానంతటదే నడుస్తుంది. కంపెనీలో ఎవరూ పట్టించుకోలేదు. ఈమె మాత్రం ఒక నోట్‌బుక్‌లో ఇల్లు, తేదీ, టైము, ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి, ఆ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎంత దూరమో రాసుకుంటూ వచ్చింది. సంచిలోంచి తీసి చూపించింది. మూడొంతుల పేజీలు నిండాయి. ఆగిపోయిన ఇన్వర్టర్లలో ఎక్కువ భాగం ఫీడర్ చివరి ఇళ్లవే, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు లైను చివర ఉన్నవి.

ఇది తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగి చెబుతాను. మధ్యాహ్నం జనం ఆఫీసుల్లో ఉంటారు, ఇళ్లలో వాడకం తక్కువ. ప్యానెళ్లు మాత్రం ఆ సమయంలోనే ఎక్కువ కరెంటు ఇస్తాయి. మిగిలింది వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ వైపు పారుతుంది. వైరు పొడవు పెరిగేకొద్దీ చివర వోల్టేజి పెరుగుతుంది. 230 ఉండాల్సింది పది శాతం పెరిగి 253 దగ్గరికి చేరితే, భద్రత కోసం ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. దాని పని అది సరిగ్గానే చేస్తోంది. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని ఇళ్ల సోలార్ పడుతుంది, ఇన్వర్టర్లలో వోల్టేజిని అదుపు చేసే రియాక్టివ్ పవర్ సెట్టింగులు మారిస్తే ఎంత తేడా వస్తుంది, ఎక్కడ బ్యాటరీ పెట్టాలి అన్నది అసలు ప్రశ్న. ఈ రంగంలో దీన్ని హోస్టింగ్ కెపాసిటీ అంటారు. ప్రపంచమంతా దీని మీద పని జరుగుతోంది.

దానికి తోడు 2024 ఫిబ్రవరిలోనే కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ల మీద సోలార్ లక్ష్యం, 75,021 కోట్ల కేటాయింపు, 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ. అంటే ఆ నోట్‌బుక్‌లోని సమస్య ఇక నిజాంపేట దగ్గరే ఆగదు. ఏ ఊరి ఫీడర్ చివరికైనా వస్తుంది.

ఆ సాయంత్రం నేను ఆమెతో అన్న మాట ఇదే. స్కాలర్‌షిప్ ఎక్కడుందని వెతకడం ఆపు. ఈ ప్రశ్నకు జవాబు ఎవరికి కావాలో వెతుకు, డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది.

రెండో ఏడాది

ముందు జవాబు కావాల్సినవాళ్లు ఊళ్లోనే దొరికారు. నగర శివారులోని ఒక పరిశోధన సంస్థలో విద్యుత్ పంపిణీ వ్యవస్థల మీద ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్‌కు మెయిల్ రాసింది. నాలుగు వాక్యాలు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు మూడు. బయోడేటా అడిగితే పంపుతానంది. రెండు రోజుల్లో రమ్మన్నారు. జూన్‌లో ప్రాజెక్టు ఉద్యోగంలో చేరింది. సోలార్ కంపెనీలో వచ్చేదానికంటే జీతం కొంచెం ఎక్కువే. అంతకన్నా ముఖ్యం, తన రీడింగులను సాఫ్ట్‌వేర్ మోడల్‌లో పెట్టి చూడటం అక్కడే నేర్చుకుంది.

కంపెనీ వదిలేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాం. ఈపాస్‌కు యజమాని సిఫారసు లేఖ కావాలి. చదువయ్యాక తిరిగి వస్తే పని ఇస్తామన్న మాట ఉంటే ఇంకా మంచిది. మనిషి వెళ్లిపోతోందని ఆ యజమాని మొదట ముఖం ముడుచుకున్నారు. ఈమె నెల రోజులు అదనంగా ఉండి, మధ్యాహ్నం ఫిర్యాదులొస్తే ఏమేం చూడాలో కొత్త కుర్రాళ్లకు నేర్పింది. చివరి రోజు ఆయనే కూర్చుని స్వయంగా ఒక పేజీ లేఖ రాసిచ్చారు. ఆమె నోట్‌బుక్ వల్ల తమ సర్వీసు పద్ధతే మారిందని అందులో ఉంది. కాలేజీ ఆఫీసు లేఖతో పోలిస్తే దాని బరువే వేరు.

కొత్త మోటివేషన్ లెటర్‌కు ఆరు వారాలు పట్టింది, తొమ్మిది సార్లు తిరగరాసింది. మొదటి వాక్యం నిజాంపేటలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటి డాబా మీద మొదలవుతుంది. అక్కడి నుంచి గోదావరిఖనికి వెళ్తుంది. రామగుండంలో ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం, దాని రిజర్వాయర్ నీళ్ల మీదే 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం పక్కపక్కనే ఉన్నాయి. ఆ పేరా ఎలా రాయాలో తెలియక ఆమె తంటాలు పడుతుంటే దారి చూపింది తండ్రే. ఒక ఆదివారం ఫోన్‌లో ఆయన అన్నారు: "నేను బొగ్గు కాడ పని చేస్త మేడం. బిడ్డ ఎండతోని కరెంటంటది. రెండూ మా ఊళ్లెనే ఉన్నయ్. ఒకటి పోయి ఇంకోటి అస్తే మా అసొంటోళ్లు ఏం పని చెయ్యాలె, అది గూడ సదువుకొని రమ్మను." ఆ మాటను ఆమె దాదాపు యథాతథంగా లెటర్‌లో పెట్టింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

2024 సెప్టెంబర్‌లో రెండు ఈపాస్ కోర్సులకు పంపింది, జనవరిలో ఒక ఎరాస్మస్‌కు. డిసెంబర్‌లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఆ నోట్‌బుక్ గురించే అడిగారట. వోల్టేజి కొలిచిన మీటరు ఎంత ఖచ్చితమైనది, అన్నీ ఒకే ఫేజ్ మీదివా అని గుచ్చి గుచ్చి అడిగారు. తెలియనివి తెలియవని చెప్పింది. 2025 మార్చిలో ఈపాస్ వచ్చింది. నెలకు 992 యూరోలు, మన డబ్బులో తొంభై వేలు దాటుతుంది. ఆరోగ్య బీమా, ప్రయాణ ఖర్చుకు కొంత మొత్తం కూడా. సొంత డబ్బుతో జర్మనీ వెళ్లేవాళ్లు వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఈమెకు స్కాలర్‌షిప్ ఉత్తర్వే సరిపోయింది. ఎరాస్మస్ ఈసారీ రాలేదు.

కుటుంబం పెట్టిన ఖర్చు మొత్తం లెక్క రాశాను: ఐఈఎల్‌టీఎస్ ఒకసారి, ట్రాన్‌స్క్రిప్ట్‌లు, గేట్ ఫీజు, కొరియర్లు, బట్టలు, ఒక మంచి సూట్‌కేసు. లక్ష దాటలేదు. అందులో చాలా వరకు ఆమె జీతంలోంచే.

కాగితాల గురించి రెండు మాటలు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్‌లు రావడం మేమనుకున్న దానికంటే చాలా ఆలస్యమైంది. అది ముందే తెచ్చిపెట్టుకోవాలి. సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం వల్ల పది రోజులు టెన్షన్ పడ్డాం. ఈ చిన్న విషయాలకు మనసు పాడుచేసుకోకుండా ఆరు నెలల ముందే సరిచేసుకోవడం మేలు.

నాకు ఇంకా తేలని విషయం ఒకటుంది. రెండేళ్లు ఆగగలగడం ఈ అమ్మాయికి కలిసొచ్చింది. ఇంట్లో పెళ్లి మాట ఎత్తకుండా తండ్రి అడ్డుగా నిలబడ్డారు. మొదటి తిరస్కరణ తర్వాత ఆ ఇంకో ఏడాది దొరకని ఆడపిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు. వాళ్ల దరఖాస్తులు తక్కువవి కావు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి రోజే తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి, ఇది రెండేళ్ల పని అని చెబుతున్నాను. ఆ రెండేళ్లూ అమ్మాయి సంపాదిస్తూనే ఉంటుందని కాగితం మీద లెక్క వేసి చూపిస్తున్నాను.

ఆమె ఇప్పుడు జర్మనీలో ఉంది. మొన్న శనివారం ఫోన్ చేసింది. థీసిస్ అంశం ఒప్పుకున్నారట. నిజాంపేట ఫీడర్లే. కాకపోతే నోట్‌బుక్ సరిపోదు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరి అసలు రీడింగులు కావాలి. విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కమ్‌ను అడుగుతూ రాసిన ఉత్తరం ముసాయిదా పంపింది. తెలుగులో ఒక కాపీ, ఇంగ్లీషులో ఒక కాపీ. రెండు చోట్ల దిద్దాను. సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, ప్రింట్లు తీసుకుని డిస్కమ్ ఆఫీసున్న మింట్ కాంపౌండ్‌కు వెళ్తున్నాను.